అంటువ్యాధి కాలమున అంగళ్లు మూయవలెనా?



అంటువ్యాధి వ్యాపించినపుడు అంగళ్లు మూయవలెనా, తెరచి యుంచవలెనా? మనుషులు ఒకరికొకరు ఎంత దూరముగా, ఎన్ని దినములు ఉండవలెను? 2020వ సంవత్సరము మార్చి, ఏప్రిల్ నెలలలో నంద్యాల బజారులలోను, అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్న ఆళ్లగడ్డలోను, చుట్టుపట్ల పల్లెలలోను ఈ ప్రశ్న అందరి నోట వినబడినది. కొందరు అన్నియు మూయవలెనన్నారు. కొందరు మూసినచో బ్రతుకుట ఎట్లనన్నారు. ఆ వాదము నాడు తెగలేదు. వ్యాధి తగ్గిన తరువాత ఎవరి పనులలో వారు పడి దానిని మరచినారు.

మరచుట క్షేమము కాదు. ఇల్లు కాలుచున్నపుడు బావి త్రవ్వుట ఎంత తెలివియో, వ్యాధి ఊరిలోనికి వచ్చిన తరువాత ఏ అంగడి మూయవలెనని తర్కించుట అంత తెలివి. ఇప్పుడు తీరిక ఉన్నది. గనుక ఆనాటి రెండు పక్షముల మాటలను నిదానముగా విచారించి, మరల అట్టి కాలము వచ్చినచో మన గ్రామములు ఏమి చేయవలెనో నిశ్చయించుకొనుట మంచిది. మనుషుల గుంపును ఆపవలెను గాని పంట పోవు త్రోవను ఆపరాదని, రోగికి దూరముగా ఉండవలెను గాని రోగిని వెలివేయరాదని నా అభిప్రాయము. అందులకు కారణములను ఈ క్రింద వివరించుచున్నాను.

జరిగిన సంగతి

మన దేశములో కరోనా వ్యాధి 2020 జనవరి 30వ తేదీన కేరళలో మొదట బయటపడినది. మన రాష్ట్రములో మార్చి 12వ తేదీన నెల్లూరులో మొదటి రోగిని గుర్తించినారు. మార్చి 22వ తేదీ ఆదివారమునాడు దేశమంతట జనతా కర్ఫ్యూ జరిగినది. ఆ రాత్రియే రాష్ట్ర ప్రభుత్వము నెలాఖరు వరకు లాక్‌డౌన్ ప్రకటించినది. 24వ తేదీ రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి మాట్లాడి, ఆ అర్ధరాత్రి నుండి దేశమంతయు 21 దినములు మూతపడునని చెప్పినారు. మరునాడే శార్వరి నామ సంవత్సర ఉగాది. క్రొత్త పంచాంగము వినవలసిన దినమున జనులు తలుపులు వేసికొని ఇండ్లలో కూర్చుండినారు.

ఏప్రిల్ 14 వరకని మొదలైన ఆ కట్టడి మే 3 వరకు, తరువాత 17 వరకు, తరువాత 31 వరకు సాగినది. నంద్యాల, ఆళ్లగడ్డలు అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండెడివి. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడినది. 2020 ఏప్రిల్ చివరి నాటికి రాష్ట్రములో అన్నిటికంటె ఎక్కువ కేసులు కర్నూలు జిల్లాలోనే నమోదైనవి. కేంద్ర ప్రభుత్వము ఈ జిల్లాను రెడ్ జోనులో చేర్చినది. నంద్యాల పట్టణములో వీధులకు అడ్డుగా కర్రలు కట్టినారు. గనుక ఈ వాదము మన ప్రాంతమున వట్టి కాలక్షేపపు మాట కాలేదు. ప్రతి ఇంటి పొయ్యిని తాకినది.

మూయవలెనన్నవారి మాట

మూయవలెనన్నవారి మాటలో బలమైన న్యాయము కలదు. ఈ వ్యాధి సోకినవానికి లక్షణములు సాధారణముగా ఐదారు దినములకు కనబడును. ఒక్కొక్కప్పుడు 14 దినములు కూడ పట్టును. లక్షణములు బయటపడుటకు రెండు దినములు ముందు నుండియే అతడు ఇతరులకు వ్యాధిని అంటించగలడు. అనగా దగ్గువానిని మాత్రము దూరముగా ఉంచి, తక్కినవారు సంతకు పోయినచో వ్యాధి ఆగదు. ఆనాడు టీకా లేదు. మన దేశములో టీకాలు వేయుట 2021 జనవరి 16వ తేదీన గాని మొదలు కాలేదు.

లెక్క చూడుడు. ఒకరు ఇద్దరికి అంటించి, ఆ ఇద్దరు నలుగురికి అంటించినచో పదవ విడతకు రోగుల సంఖ్య వెయ్యి దాటును. వరిమడిలో అగ్గితెగులు మచ్చ కనబడిన దినమే మందు చల్లిన రైతునకును, పొరుగువాని మడి ఎండిన తరువాత మేల్కొన్న రైతునకును ఎంత తేడా ఉండునో మీరెరుగుదురు. అంటువ్యాధిలోను అంతే. మొదటి వారములో చేసిన చిన్నపని, ఆరవ వారములో చేసిన పెద్దపనికంటె ఎక్కువ ఫలమిచ్చును.

1918లో వచ్చిన ఇన్‌ఫ్లూయెంజా మన దేశములో కోటిమందికి పైగా బలిగొన్నది. ఆ సంవత్సరమే అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరములో వ్యాధి వ్యాపించుచున్నపుడే సెప్టెంబరు 28న పెద్ద ఊరేగింపు జరిపినారు. సెయింట్ లూయిస్ నగరములో మాత్రము వ్యాధి కనబడిన కొద్ది దినములకే పాఠశాలలు, నాటకశాలలు, సభలు మూసినారు. తరువాత పరిశోధకులు లెక్క కట్టగా వ్యాధి ఉధృతముగా నున్న వారములలో సెయింట్ లూయిస్‌లో మరణములు ఫిలడెల్ఫియాలోకంటె ఎంతో తక్కువని తేలినది. అయితే నవంబరులో కట్టడి సడలించగనే అచ్చటను వ్యాధి మరల పెరిగినది.

దీనివలన రెండు సంగతులు తెలియుచున్నవి. త్వరగా మూసినచో ప్రాణములు దక్కును. కాని మూసినంత మాత్రమున వ్యాధి చావదు, కొంత గడువు మాత్రము దొరకును. ఆ గడువులో పడకలు, ఆక్సిజన్, మందులు, మనుషులు సిద్ధము కావలెను. 2021 ఏప్రిల్, మే నెలలలో రెండవ ఉధృతి వచ్చినపుడు దేశమంతట ఆక్సిజన్ కొరకు జనులు పడిన బాధను తలచుకొనినచో, దొరికిన గడువును మనము పూర్తిగా వాడుకొనలేదని ఒప్పుకొనక తప్పదు.

తెరవవలెనన్నవారి మాట

ఇక రెండవ పక్షము. అంగళ్లు తెరవవలెనన్నవారిని లాభాపేక్ష గలవారని కొందరు నిందించినారు. ఆ నింద సరికాదు. టీ అంగడివాడు, దర్జీ, మంగలి, హమాలీ, బండిమీద కూరగాయలు అమ్మునది, వీరందరు ఏ దినము కూలి ఆ దినము తినువారు. ఆళ్లగడ్డలో రాతి విగ్రహములు చెక్కు శిల్పులు కలరు. దేవాలయములు మూతపడి, లారీలు నిలిచిపోగా, చెక్కిన విగ్రహము షెడ్డులో ఉండిపోవును. కూలి మాత్రము ఏ వారమునకు ఆ వారము ఇవ్వవలెను. గాదెలో ఆరు నెలల గింజలు గలవాడు మూయమనుట సులభము. సాయంత్రము సంచి నింపుకొని పోవలసినవాడు ఆ మాట అనలేడు.

రైతు సంగతి ఇంకను చిక్కు. అంగడివాని బట్టల తాను పదినెలలు బీరువాలో ఉండినను బట్టయే. అరటి గెల అట్లు ఉండదు. మహానంది ప్రాంతమున, కె.సి. కాలువ క్రింద అరటి వేసిన రైతులకు గెల పక్వమునకు వచ్చిన వారము దాటినచో పెట్టుబడి మట్టిలో కలియును. బయటి రాష్ట్రముల లారీలు రాక, పట్టణములలో పండ్ల అంగళ్లు తెరవక, ఆ వేసవిలో అరటి రైతులు ఎంతో నష్టపడినారు. గుంటూరు మిర్చియార్డు మార్చి నుండి సుమారు రెండు నెలలు నిలిచిపోయినది. శీతల గిడ్డంగిలో చోటు దొరికిన రైతు నిలువ చేసికొన్నాడు. దొరకనివాడు కల్లములోనే కాచుకొన్నాడు. హోటళ్లు మూతపడినందున పాల వాడకము తగ్గినది. గేదె మాత్రము రెండు పూటల పాలిచ్చుట మానలేదు.

వదంతివలన జరిగిన నష్టము వేరు. కోడిమాంసము తినినచో కరోనా వచ్చునని 2020 ఫిబ్రవరి, మార్చి నెలలలో ఒక అబద్ధపు మాట దేశమంతట ప్రాకినది. కోళ్ల ధర పడిపోయినది. కోళ్లు పెంచువారు మేత కొనుట తగ్గించినారు. దానితో మొక్కజొన్న ధర పడిపోయినది. ఎవరో ఎక్కడనో ఫోనులో పంపిన మాట, ఎన్నడు కోళ్లు పెంచని మొక్కజొన్న రైతు నడుము విరిచినది. అంగళ్లు మూయకముందే వదంతి ఒక అంగడిని మూసినదన్నమాట.

వాదములో మరుగుపడిన విషయము

రెండు పక్షములును నిజమే చెప్పినవి. అయినను వాదము తెగలేదు. ఎందుచేతననగా వారు “అన్నియు మూయుట” లేక “అన్నియు తెరచుట” అను రెండు మాటలలోనే చిక్కుకొన్నారు. ఏ పనిలో మనుషులు క్రిక్కిరిసి, మూసిన గదిలో, ఎక్కువసేపు ఉందురు? ఏ పని ఆరుబయట, ఎడముగా, కొద్దిసేపటిలో ముగియును? ఈ ప్రశ్న అడిగినచో దారి కనబడును.

ఈ వ్యాధి ముఖ్యముగా గాలి ద్వారా, రోగి శ్వాసలోని తుంపరలు, సూక్ష్మ కణముల ద్వారా వ్యాపించునని ఇప్పుడు బాగుగా తెలిసినది. వస్తువులను తాకుటవలన కలుగు అపాయము తక్కువ. 2020లో మనము కూరగాయలను సబ్బునీటితో కడిగితిమి, వార్తాపత్రికను ముట్టుటకు జంకితిమి. కాని కిటికీలు మూసిన గదిలో పదిమందితో కూర్చుండి మాట్లాడుటకు జంకలేదు. కళ్యాణమండపము, సినిమాహాలు, కిక్కిరిసిన బస్సు, ఏ.సి. అంగడి, ఇవి ఒక తరగతి. పొలములో కలుపు తీయుట, కల్లములో తూర్పార పట్టుట, ఖాళీ మైదానములో కూరగాయలు అమ్ముట, ఇవి వేరొక తరగతి. రెంటికిని ఒకే తాళము వేయుట న్యాయము కాదు.

మార్చి 24వ తేదీ నాటి కేంద్ర ఉత్తర్వులో రేషను దుకాణములు, కిరాణా, పాలు, కూరగాయలు, పశుగ్రాసము మొదలగువానికి మినహాయింపు ఇచ్చినారు. కాని పొలములో పనిచేయు రైతులు, కూలీలు, మార్కెట్ యార్డులు, ఎరువులు, విత్తనములు, పురుగుమందుల అంగళ్లు, అద్దె యంత్రముల కేంద్రములు, ఒక రాష్ట్రము నుండి వేరొక రాష్ట్రమునకు పోవు కోతయంత్రములు, విత్తనములు శుద్ధిచేసి సంచులకెత్తు కర్మాగారములు, వీనికి మినహాయింపు మార్చి 27వ తేదీన గాని రాలేదు. ఆ మినహాయింపు మంచిది. అది మూడు దినములు ఆలస్యముగా వచ్చినది. వచ్చిన ఉత్తర్వు చెక్‌పోస్టు వద్దనున్న కానిస్టేబులునకు తెలియుటకు మరికొన్ని దినములు పట్టును. పంట కోతకు వచ్చిన రైతునకు ఒక్క దినమైనను దీర్ఘమే.

విత్తనముల సంగతి ప్రత్యేకముగా గమనించుడు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములు విత్తనోత్పత్తికి పేరు పొందినవి. ఇచ్చట పండించి శుద్ధిచేసిన పత్తి విత్తనము ఇతర జిల్లాలకు, రాష్ట్రములకు పోవును. మార్చి, ఏప్రిల్ నెలలలో సంచులకెక్కనిచో జూనులో తొలకరికి విత్తనము అందదు. ఇచ్చట ఒక షెడ్డు మూసినచో ఎక్కడనో ఒక రైతు పొలము బీడుపడును. ఇట్టి పనిని ఆపకుండ, కూలీలను ఎడముగా నిలిపి, వంతులవారీగా పిలిచి, షెడ్డు తలుపులు తెరచి నడిపించవలెను.

వేళ తగ్గించినచో గుంపు తగ్గునా?

మార్చి నెలాఖరు నుండి మన రాష్ట్ర పట్టణములలో నిత్యావసరముల కొనుగోలుకు ఉదయము 6 గంటల నుండి 11 గంటల వరకు మాత్రము అనుమతించినారు. జనులు తక్కువగా తిరుగుదురని దాని ఉద్దేశము. కాని లెక్క వేసి చూడుడు. ఒక బజారునకు దినమునకు 700 మంది వచ్చెదరనుకొందము. అంగళ్లు 14 గంటలు తెరచినచో గంటకు 50 మంది వత్తురు. 5 గంటలే తెరచినచో గంటకు 140 మంది వత్తురు. ఇంట బియ్యము నిండుకొన్నవాడు వేళ తక్కువైనదని కొనకుండ ఉండడు. ఆతురతతో త్రోసికొని ముందుకు వచ్చును. గుంపు వ్యాధికి మిత్రము గనుక, ఈ పద్ధతి ఒక్కొక్కచోట అనుకొన్నదానికి విరుద్ధమైన ఫలమిచ్చినది.

చోటు పెంచుట ఇంతకంటె మంచి ఉపాయము. ఆనాడు మన రాష్ట్రములో రైతుబజారులను ఒకేచోట ఉంచక, పాఠశాలల ఆటస్థలములకు, ఖాళీ మైదానములకు పంచినారు. నేలమీద సున్నముతో గళ్లు గీసి, గడికి ఒకరు చొప్పున నిలిపినారు. ఇది ఖర్చులేని పని. ఇట్లే పంట కొనుగోలును కూడ యార్డు నుండి ఊరికి తెచ్చి, రైతులకు కూపన్లు ఇచ్చి, దినమునకు ఇందరని పిలిచినచోట పని సాఫీగా సాగినది. ఆ వేసవిలో ప్రభుత్వము మొక్కజొన్నను క్వింటాలునకు 1,760 రూపాయలకు, పసుపును 6,850 రూపాయలకు కొన్నది. ధర పడిపోయిన కాలమున ఇది రైతునకు గొప్ప ఊరట. అంగడి మూయించిన ప్రభుత్వమే కొనుగోలుదారుగా నిలువవలెనను నీతి ఇందులో ఉన్నది. మూసివేతవలన సమాజమునకంతటికి మేలు కలిగినపుడు, ఆ ఖర్చును ఒక్క కూలివాని నెత్తినను, ఒక్క అరటి రైతు నెత్తినను వేయుట తగదు.

2021 మే 5వ తేదీ నుండి పెట్టిన కర్ఫ్యూలో ఉదయము 6 నుండి మధ్యాహ్నము 12 వరకు అంగళ్లు తెరచినారు, వ్యవసాయ పనులను ఆపలేదు. మొదటి సంవత్సరపు అనుభవము కొంత ఉపయోగపడినది. కాని ఆరు గంటలలో గుంపులు క్రిక్కిరియుట మాత్రము మానలేదు.

దూరము వేరు, వెలి వేరు

ఆనాడు “సామాజిక దూరము” అను మాట అందరి నోట నానినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే ఆ మాటను మార్చి, “భౌతిక దూరము” అని వాడుట మేలని చెప్పినది. మనుషుల శరీరములు దూరముగా ఉండవలెను, మనసులు దూరము కారాదు అని దాని భావము. మన పల్లెలలో ఈ మార్పు అవసరము మరీ ఎక్కువ. ఏలననగా “సంఘమునకు దూరము” అనినచో మనకు తోచునది వెలి.

రాష్ట్రములో అనేక గ్రామములవారు పొలిమేరలో ముండ్లకంపలు అడ్డము వేసి, బయటివారిని రానీయలేదు. వారి భయమును నేను తప్పుపట్టను. కాని ఆ కంప అవతల నిలిచినవాడు తరచుగా ఆ ఊరి బిడ్డయే. పట్టణములలో పని పోయి, బస్సులు, రైళ్లు లేక నడచి వచ్చినవాడు. కొన్నిచోట్ల వ్యాధితో మరణించినవారి అంత్యక్రియలకు అడ్డుపడినారు. కొన్నిచోట్ల వ్యాధికి మతమును అంటగట్టినారు. ఊపిరి పీల్చు ప్రతివానికి వచ్చు వ్యాధి కులమును, మతమును అడిగి రాదు. ఇట్టి మాటలవలన జరిగిన కీడు ఒక్కటే. జ్వరము వచ్చినవాడు చెప్పుకొనుటకు సిగ్గుపడి దాచినాడు. దాచిన జ్వరము ఇంటిల్లిపాదికిని అంటినది. వైద్యము ఆలస్యమైనది.

పూర్వము ప్లేగు వచ్చినపుడు రాయలసీమ పల్లెలవారు ఊరు విడిచి, పొలములలో గుడిసెలు వేసికొని కొన్నాళ్లు ఉండెడివారు. అది దూరము పాటించుటయే. కాని అందరు కలసి పోయెడివారు, ఒకరినొకరు కనిపెట్టుకొని ఉండెడివారు. పొలములోని గుడిసె ఒంటరిగా ఉండవలసినవానికి నేటికిని మంచి చోటే. గాలి ఆడును, గుంపు ఉండదు. అయితే అతనికి పూటకు అన్నము, మంచినీరు ఎవరు తెత్తురో ముందుగా నిర్ణయించవలెను. లేనిచో అతడు ఆకలికి ఊరిలోనికి వచ్చును. అది అతని తప్పు కాదు.

రైతు విషయములో ఇంకొక చిక్కు కలదు. దీనిని అధికారులు తరచు మరచుదురు. రోగము వచ్చిన రైతును 14 దినములు ఇంటిలో ఉండుమనినారు, సరే. అతని గేదెకు మేత ఎవరు వేయవలెను? పాలు ఎవరు పితుకవలెను? నీరు పెట్టవలసిన మడి సంగతి ఏమి? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పకుండ తలుపునకు కాగితము అంటించినచో, అతడు తెల్లవారుజామున దొడ్డిదారిన కొట్టమునకు పోవును. పొరుగువాడు అతని పశువులను చూచుకొందునని మాట ఇచ్చినచో, అతడు నెమ్మదిగా మంచముపట్టి ఉండును. మన ఊళ్లలో దూరము పాటించుట పశువుల కొట్టము వద్ద మొదలు కావలెనని నేను అందును.

పశువుల రోగములు నేర్పిన నీతి

రైతునకు ఈ పద్ధతి క్రొత్త కాదు. గాలికుంటు వచ్చిన పశువును మందనుండి వేరుచేసి, వేరు తొట్టిలో నీరు పెట్టుట మనకు తెలిసినదే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చినపుడు, రోగము కనబడిన ఫారము చుట్టు ఒక కిలోమీటరు వరకు గట్టి కట్టడియు, పది కిలోమీటర్ల వరకు నిఘాయు పెట్టినారు. రాష్ట్రమంతట కోళ్ల ఫారములు మూయలేదు. రోగము ఉన్నచోట గట్టిగా, లేనిచోట మెలకువగా ఉండుట దీని రహస్యము.

అందులో ఇంకొక నీతి కూడ కలదు. రోగము అరికట్టుటకు చంపిన కోళ్లకు ప్రభుత్వము పరిహారమిచ్చును. పరిహారము వచ్చునను నమ్మకము ఉన్నపుడే రైతు రోగము సంగతి తానై వచ్చి చెప్పును. లేనిచో దొంగచాటుగా అమ్మివేయును. మనుషుల విషయములోను ఇంతే. ఇంటిలో ఉండుమన్న దినములకు కూలి ఇచ్చినచో, కూలివాడు జ్వరమును దాచడు. 2020 ఏప్రిల్ 4వ తేదీన రాష్ట్ర ప్రభుత్వము పేద కుటుంబమునకు 1,000 రూపాయల చొప్పున పంచినది. రేషను బియ్యముతోపాటు కిలో కందిపప్పు ఉచితముగా ఇచ్చినది. కేంద్ర ప్రభుత్వము మనిషికి నెలకు 5 కిలోల గింజలు అదనముగా ఇచ్చినది. ఈ సాయము ప్రాణము నిలిపినది. కాని ఒక కుటుంబమునకు 1,000 రూపాయలు ఎన్ని దినముల కూలికి సమానమో మీరే లెక్క వేసికొనుడు. మూసివేత నెలలు సాగినచో సాయమును నెలలు సాగవలెను. సాయము ఇవ్వలేని దినమున మూసివేత కూడ సడలించవలెను. ఈ రెండును ఒకే కాడికి కట్టిన ఎడ్లు.

గ్రామములు ఇప్పుడే చేయవలసిన పనులు

వ్యాధి లేని ఈ కాలముననే ఒక గ్రామసభలో ఈ క్రింది సంగతులు మాట్లాడి, కాగితముపై వ్రాసి, పంచాయతీ కార్యాలయములో ఉంచవలెను.

1. ఊరిలో ఆగరాని పనులు ఏవి? కోత, నూర్పిడి, నీటి తడి, పాల సేకరణ, మేత, ఎరువుల అంగడి, రేషను. వీని జాబితా నెలవారీగా వ్రాయవలెను. మార్చిలో ఆగరాని పని వేరు, జూనులో ఆగరాని పని వేరు.

2. గుంపు కూడు పనులు ఏవి? జాతర, పెండ్లి విందు, వారపు సంత, సభలు. వీనిని మొదట వాయిదా వేయవలెను. సంతను పూర్తిగా మూయుటకు ముందు, ఎడముగా జరుపుటకు చాలిన మైదానము ఉన్నదేమో చూడవలెను.

3. ఒంటరిగా ఉండవలసినవారికి పాఠశాల గదియో, తోటలోని ఇల్లో, గాలి వెలుతురు గల చోటును ముందుగా ఏర్పరచవలెను. అక్కడ మరుగుదొడ్డి, నీరు, దీపము ఉండవలెను.

4. ఒంటరిగా ఉన్న ప్రతి ఇంటికి ఒక తోడు ఇంటిని నియమించవలెను. అన్నము, మందులు గడప వద్ద ఉంచుట, పశువులను, పైరును చూచుట ఆ తోడు ఇంటి పని. వంతులు వేసికొనినచో ఎవరికిని భారము కాదు.

5. కూలిమీద బ్రతుకు కుటుంబములు, ఒంటరి వృద్ధులు, గర్భిణులు, ఇతర రాష్ట్రములనుండి వచ్చి పనిచేయువారు ఎందరో జాబితా ఉంచవలెను. రేషను కార్డు లేనివారిని ఇందులో మరువరాదు.

6. పంటను ఊరిలోనే తూచి కొనుటకు స్థలము చూడవలెను. 2020 మే 30న రైతు భరోసా కేంద్రములుగా మొదలై నేడు రైతు సేవా కేంద్రములుగా పిలువబడుచున్న కేంద్రములను ఇందులకు వాడుకొనవచ్చును. టార్పాలిన్లు, గోనెసంచులు, కాటా సిద్ధముగా ఉండవలెను.

7. ఉత్తర్వు వచ్చిన దినమే దాని సారమును తెలుగులో వ్రాసి అంటించవలెను. చెక్‌పోస్టులో చూపుటకు రైతులకు చీటీలు ఇచ్చు అధికారి ఎవరో ముందే తెలిసి ఉండవలెను. వదంతి వచ్చినపుడు ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం.ను, పశుసంవర్ధక సహాయకుని అడిగి నిజము తెలిసికొనవలెను.

ఈ ఏడు పనులకు పెద్ద ధనము అక్కరలేదు. ఒక సాయంత్రము, ఒక పుస్తకము చాలును. గ్రామ రెవెన్యూ అధికారి, పంచాయతీ కార్యదర్శి, వ్యవసాయ సహాయకుడు కలసి కూర్చుండి మొదలుపెట్టవచ్చును. సంవత్సరమునకు ఒకమారు ఆ పుస్తకమును తెరచి సరిచూచుకొనవలెను.

మరల అంటువ్యాధి రాదని ఎవరును హామీ ఇవ్వలేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5వ తేదీన కరోనా అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించినది గాని, వ్యాధులే ముగిసినవని చెప్పలేదు. వచ్చిన దినమున అంగడి మూయుమని ఉత్తర్వు రావచ్చును. దానిని పాటించవలెను. అయితే ఏ పని ఆగరాదో, ఎవరికి అన్నము పోవలెనో, ఎవరి గేదెకు ఎవరు మేత వేయుదురో ముందే వ్రాసికొన్న గ్రామము ఆ దినమున తబ్బిబ్బు పడదు. దాని పంట పొలములో చెడదు. దాని రోగి ఆకలికి వీధిలోనికి రాడు. ఈ వేసవిలో జరుగు గ్రామసభలోనే ఈ విషయమును చర్చకు పెట్టుడని రైతు సోదరులను, గ్రామాధికారులను కోరుచున్నాను.